కుదర్చకూడని జబ్బు

ముప్ఫై ఎనిమిదేళ్లు రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి నేను. 1967లో సికిందరాబాదులో ఒక చిన్న గది అద్దెకు తీసుకుని కొట్టు పెట్టింది మొదలు, 2005లో దానికి తాళం వేసేవరకూ, నా దగ్గరకు వచ్చినవాళ్లలో సగంమంది చెప్పుకున్న బాధ ఒక్కటే: "మా రేడియో గొంతు బొంగురుపోయిందండీ, కాస్త చూడండి."

ఆ జబ్బు ఎలా ఉంటుందో పాతకాలంవాళ్లకు నేను చెప్పనక్కరలేదు. వార్తలు చదివే ఆయనకు పడిశం పట్టినట్టుంటుంది. పాట పైస్థాయి అందుకునేసరికి పాతబట్ట చింపినట్టు బరబరమంటుంది. ఇంగ్లీషులో దాన్ని డిస్టార్షన్ అంటారు. అది వాల్వు నీరసించినందువల్లనా, కండెన్సరు లీకైనందువల్లనా, స్పీకరు అట్ట చిరిగినందువల్లనా అన్నది కనిపెట్టి కుదర్చడమే నా వైద్యం. చెప్పుకోకూడదు గాని, హస్తవాసి మంచిదన్న పేరు కూడా ఉండేది. బాగుచేసిన రేడియో మోగించి, "వినండి, గంట కొట్టినట్టుంది" అని యజమానికి అప్పగించేటప్పుడు కలిగిన ఆనందం, పుచ్చుకున్న డబ్బులో ఎన్నడూ కలగలేదు.

అటువంటి నా దగ్గరకు, నా డెబ్బైనాలుగో ఏట, అమెరికాలో మా మనవడు ఒక ఆకుపచ్చ పెట్టె పట్టుకొచ్చి, "తాతయ్యా, ఇది పాడైపోయింది. సౌండు క్లీన్‌గా వస్తోంది" అన్నాడు.

శుభ్రంగా వస్తోందిట, అందుచేత పాడైపోయిందిట! వాడిది వచ్చీరాని తెలుగు. మాట తిరగబడిందేమో అనుకున్నాను.

"అంటే గరగరలాడుతోందా నాన్నా?" అని అడిగాను.

"కాదు తాతయ్యా! గరగర రావడం లేదు. అది రావాలి" అన్నాడు.

అది 2019 వేసవి. మా అబ్బాయి ఉండేది టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్‌లో. ఆ ఊళ్లో తెలుగువాళ్లకు కొదవలేదు. మా ఆవిడకు వెళ్లిన వారంలోనే గోంగూర దొరికింది, కబుర్లు చెప్పుకోవడానికి నలుగురు తోడూ దొరికారు. పొద్దుపోనిదల్లా నాకే. ఆ ఇంట్లో పాడైన వస్తువంటూ ఒకటి కనబడదు. అందుకని పెట్టె సంగతి పూర్తిగా అర్థం కాకపోయినా, మరచేపులు చేతికి తీసుకునే అవకాశం వచ్చిందిగదా అని లోపల సంతోషించాను.

పెట్టె అరచేతిలో పడుతుంది. ఇనప్పెట్టెలా బరువు. పైన మూడు గుండీలు: డ్రైవు, టోను, లెవెలు. కింది సగంలో కాలితో నొక్కే రేకు. ఎలక్ట్రిక్ గిటారు తీగె ఒక పక్క గుచ్చాలి. రెండోపక్క నుంచి ఆంప్లిఫయరుకు మరో తీగె వెళుతుంది. రెండు చేతులూ గిటారు మీద ఉంటాయి కాబట్టి కాలితో తొక్కాలి. అందుకే దీన్ని పెడల్ అంటారు. ఒకసారి తొక్కితే గరగర మొదలు. మళ్లీ తొక్కితే బందు. దాని పేరు 'ట్యూబ్ స్క్రీమర్'. ట్యూబ్ అంటే మన వాల్వు. వాల్వుచేత కేకపెట్టించేది అన్నమాట.

ఇది జపానువాళ్ల పని. ఐబనీజ్ పేరుతో గిటార్లు అమ్మే హోషినో గక్కి సంస్థ కోసం నిస్షిన్ ఆన్పా అనే కంపెనీ తయారుచేసింది. రూపకల్పన చేసిన ఇంజనీరు సుసుము తమురా. 1970ల చివర 808 అంకెతో వచ్చింది, 1982లో టీ.ఎస్.9 వచ్చింది. మా మనవడి చేతిలోది ఆ రెండోది. నలభై ఏళ్లుగా లోకంలో గిటారు వాయించేవాళ్లు దీన్నే తొక్కుతున్నారు. దీన్ని చూసి చేసిన అనుకరణలకు లెక్కలేదు.

ఈ చరిత్రంతా నాకు తరవాత తెలిసింది. ఆ పూటకు నాకు తెలిసింది నాలుగు మరలు, ఒక రేకు. విప్పాను.

అసలు రోగం పది నిమిషాల్లో దొరికింది. మా అబ్బాయి దాన్ని కొన్నప్పటికే అది వాడిన సరుకు. అంతకుముందు యజమాని ఎవరో లోపలి స్విచ్చి మార్చి, టంకం సరిగా అతకలేదు. ఇన్నేళ్ల తొక్కుళ్లకు అది కాస్తా ఊడి ఊరుకుంది. అందుచేత గిటారు ధ్వని పెట్టెలోంచి ఏ మార్పూ లేకుండా దాటిపోతోంది. మా అబ్బాయి పనిముట్ల పెట్టెలో సాల్డరింగ్ ఐరను ఉంది. ఒక్క చుక్క వేశాను. అయిపోయింది.

అయిపోయిందని మూత పెట్టేస్తే ఈ కథ లేదు. కాని మెకానిక్కు బుద్ధి ఎక్కడికి పోతుంది? లోపల ఏముందో చూద్దామని భూతద్దం అడిగి పుచ్చుకున్నాను. చూస్తూ చూస్తూ కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

ధ్వని అనేది అలలాంటిది. పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ఈ పెట్టెలో 4558 అనే చవకబారు ఐ.సి. ఒకటి ఆ అలను పెద్దది చేస్తుంది. డ్రైవు గుండీ తిప్పినకొద్దీ సుమారు 12 రెట్ల నుంచి 118 రెట్ల దాకా పెంచుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కాని ఆ పెంచే దారిలో రెండు చిన్న సిలికాన్ డయోడ్లు ఒకదానికొకటి ఎదురుమొహంగా కూర్చున్నాయి. అల ఇంచుమించు అర వోల్టు దాటి లేవబోయేసరికి పైకి లేచినప్పుడు ఒకటి, కిందికి దిగినప్పుడు ఒకటి అడ్డుపడతాయి. అల శిఖరం విరగదు, కాని వంగిపోతుంది. వంగిన అలలోంచి మొదటి స్వరంతోపాటు దానికి మూడింతలూ అయిదింతలూ అయిన పైస్వరాలు పుట్టుకొస్తాయి. మన చెవికి అదే గరగర.

రేడియోలో ఆ శిఖరం వంగకుండా కాపాడడానికే కదా నేను జన్మంతా ధారపోశాను! ఇక్కడ ఒక పెద్ద ఇంజనీరు బుద్ధిపూర్వకంగా, కొలిచి, ఆ జబ్బును పెట్టెలో పెట్టి అమ్మించాడు. వైద్యుడి ఇంటికి ఎవరో మలేరియా సీసాలో పోసి పంపినట్టయింది నాకు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. అది చేయి తిరిగినవాడి పని. సుమారు 720 సైకిల్సుకు దిగువనున్న మంద్రధ్వనిని ఎక్కువ పెంచకుండా జాగ్రత్తపడ్డాడు. లేకపోతే మందపు తీగెలు బురదలో నడిచినట్టుంటాయి. డయోడ్లు దాటాక కీచుమనే పైధ్వనిని తగ్గించాడు. మిగిలింది మధ్యభాగం. మనిషి గొంతుకు నిండుదనం ఇచ్చే భాగం అది. పైగా వంగిన అల అడుగున, గిటారు ఇచ్చిన అసలు అల అలాగే ఉండిపోయేటట్టు కట్టాడు. అంటే ఎంత గరగరలాడినా లోపల మూలస్వరం చెడదు. జబ్బే గాని, మోతాదు తెలిసిన జబ్బు.

మూత బిగించి మనవడికి ఇచ్చాను. గరాజులో వాడి ఆంప్లిఫయరు ఉంది. ముందు పెట్టెను తొక్కకుండా వాయించాడు. గంట కొట్టినట్టుంది. నాకు అదే నచ్చింది. తరవాత కాలు వేశాడు. ఎర్రదీపం వెలిగింది.

ఏం చెప్పను! అదే తీగె, అదే వేళ్లు. మెల్లగా మీటితే మామూలుగానే ఉంది. గట్టిగా మీటేసరికి ఆ గొంతులో జీర వచ్చింది. తెల్లవార్లూ పద్యాలు పాడిన నటుడి గొంతు తెల్లవారుజామున ఎలా ఉంటుందో అలా ఉంది. వేలు ఎంత నొక్కితే అంత జీర. గరగర అంటే అంతా ఒకే తీరుగా ఉంటుందనుకున్నాను. అది వాయించేవాడి చేతిని బట్టి మారుతోంది.

వంటింట్లోంచి మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. కాస్సేపు విని, "ఏమండీ, ఇది అప్పుడు మన రేడియోలో వాడు చేసే చప్పుడు కాదుటండీ?" అంది.

"ఎవడు?" అన్నాను.

"ఎవడేమిటి? మనవాడే. కాలేజీలో చదివేటప్పుడు. మీరు కూర్చుని బాగుచెయ్యలేదూ?"

ఆమాట విన్నాక నాకు గరాజులో నిలబడబుద్ధి కాలేదు. గదిలోకి వచ్చి కూర్చున్నాను.

1988 మాట అది. మా అబ్బాయికి పదిహేడేళ్లు. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఒక ఆంగ్లో-ఇండియన్ కుటుంబం దగ్గర సెకండుహాండు ఎలక్ట్రిక్ గిటారు ఒకటి బేరమాడి కొనుక్కున్నాడు. సగం డబ్బు వాళ్లమ్మ ఇచ్చిందని నాకు తరవాత తెలిసింది. గిటారైతే వచ్చింది గాని, ఆంప్లిఫయరు కొనే తాహతు మాకు లేదు. వాడు నా కొట్లో మూల పడి ఉన్న పాత వాల్వు రేడియో ఒకటి ఇంటికి మోసుకొచ్చాడు. ఆ రేడియోలకు వెనక గ్రామఫోను తగిలించుకునేందుకు రెండు రంధ్రాలుండేవి. వాడు గిటారు తీగె అందులో గుచ్చి, వాల్యూము చివరంటా తిప్పి వాయించేవాడు. వాల్వు మొయ్యలేని బరువు మోసి మూలుగుతూ ఉండేది. ఇరుగుపొరుగువాళ్లు ఏమన్నారో గాని, నాకు మాత్రం తలవంపులుగా ఉండేది. రేడియో మెకానిక్కు ఇంట్లో రేడియో గొంతు బొంగురుపోయి ఉండడమా! పాదరక్షలు కుట్టేవాడి పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగినట్టుగా ఉందనిపించేది.

వాడి కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. నలుగురు కుర్రాళ్లు కలిసి బ్యాండు కట్టారు. మర్నాడు సాయంత్రం వాయించాలి. ఆ రాత్రి వాడు నిద్రపోయాక నేను రేడియో విప్పాను. కొడుకు నలుగురిలో వాయించబోతున్నాడు, వాడికి శుభ్రమైన ధ్వని ఇవ్వాలని నా ఆశ. లీకైన కండెన్సరు తీసి కొత్తది వేశాను. నీరసించిన పవరు వాల్వు మార్చాను. గిటారు ధ్వని ఎక్కువై వాల్వు మీద పడుతోందని, లోపలికి వచ్చే దారిలో ఒక రెసిస్టరు వేసి కట్టడి చేశాను. రెండు గంటలయింది. పొద్దున్నే వాణ్ణి లేపి, "వాయించి చూడరా, గంట కొట్టినట్టుంది" అన్నాను.

వాడు వాయించాడు. రేడియో వెనక్కి తిరిగి ఒకసారి చూశాడు. నా మొహం చూశాడు. "బాగుంది నాన్నా" అన్నాడు.

సభలో ఎలా జరిగిందో నేను చూడలేదు; కొట్టు మూసి వెళ్లే వీలు లేకపోయింది. ఆ రాత్రి వాడు ఇంటికి వచ్చి గిటారు అటక మీద పెట్టాడు. కొన్ని నెలలకు ఎవరికో అమ్మేశాడు. చదువుమీద ధ్యాస కుదిరిందని నేను ఎంతో పొంగిపోయాను. నలుగురితోనూ చెప్పుకున్నాను కూడాను.

ముప్ఫై ఒక్క ఏళ్లు గడిచాక, పధ్నాలుగువేల పైచిలుకు కిలోమీటర్ల దూరాన, మంచం అంచు మీద కూర్చుని ఆలోచిస్తే విషయం ఇలా తేలింది. వాల్వును శక్తికి మించి తోలితే వచ్చే ఆ గొంతు కోసమే లోకమంతా తాపత్రయపడింది. వాల్వు లేకుండా, తొమ్మిది వోల్టుల బాటరీతో ఆ గొంతు తెప్పించాలని జపానులో ఒక ఇంజనీరు పెట్టె కట్టాడు. ఆ పెట్టె అనుకరించే అసలు సరుకు మా ఇంట్లో మా అబ్బాయి చేతిలో ఉంది. నేను ఒక రాత్రి కూర్చుని దాన్ని కుదిర్చాను.

రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి పెట్టె బాగయిందని తెలిసి సంతోషించాడు. వాడు స్వతహాగా మితభాషి. ఆ రోజు మాత్రం పెరుగన్నం చల్లారిపోతున్నా చెబుతూనే ఉన్నాడు. ఆ చెప్పినవాటిలో ఒక కథ నాకు గుచ్చుకుంది.

అమెరికాలో నాష్‌విల్ అనే ఊళ్లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట రికార్డు చేస్తున్నారట. మధ్యలో గ్రేడీ మార్టిన్ అనే ఆయన గిటారు వాయిస్తూండగా, రికార్డింగు యంత్రంలో ఒక భాగం చెడి, గిటారు ధ్వని గరగరమని వచ్చిందట. గ్లెన్ స్నాడీ అని అక్కడి ఇంజనీరు. ఆయనా నాలాటివాడే, గరగర వస్తే బాగుచెయ్యడమే ఆయన ఉద్యోగం. కాని ఆ రికార్డు అలాగే ఉంచారు. పాట అందరికీ నచ్చింది. ఆ గొంతు తమకూ కావాలని వాద్యగాళ్లు వచ్చి అడగడం మొదలుపెట్టారు. ఆయన కూర్చుని, ఆ జబ్బు ఎలా వచ్చిందో పరిశీలించి, కావలసినప్పుడు తెప్పించుకునేందుకు ట్రాన్సిస్టర్లతో సర్క్యూట్ తయారుచేశాడు. గిబ్సన్ కంపెనీ దాన్ని 1962లో మేస్ట్రో ఫజ్‌టోన్ పేరుతో బజారులో పెట్టింది. ఈ కాలితో తొక్కే గరగర పెట్టెలన్నిటికీ అది పెద్దన్నగారు.

ఒకే జబ్బు ఇద్దరు మెకానిక్కుల దగ్గరకు వచ్చింది. ఆయన ముందు చెవి ఒగ్గి విన్నాడు. నేను ముందు ఐరను వేడిచేశాను.

"ఈ పెట్టె ఎప్పుడు కొన్నావురా?" అని అడిగాను.

"ఇక్కడికి వచ్చిన ఏడాది, 1998లో. రెండో నెల జీతంలో" అన్నాడు.

"గిటారు లేకుండానా?"

"గిటారు తరవాత ఆరు నెలలకు కొన్నాను" అని నవ్వి, చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

నేను ఇంకేమీ అడగలేకపోయాను. ఆ రాత్రి మా ఆవిడతో అన్నాను. ఆవిడ పెళ్లికి ముందు నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్న మనిషి. "నాకు సర్క్యూట్లు తెలియవు గాని, మా మేష్టారు తంబురా శ్రుతి చేశాక తీగెల కింద, గుర్రం మీద, చిన్న దారప్పోగు పెట్టి సర్దేవారు. అది కుదిరిన చోట తీగె జుమ్మంటుంది. తియ్యగానే చచ్చినట్టు మోగుతుంది. ఆ పోగును 'జీవ' అంటారు. మీరు బాగానే బాగుచేశారు, కాని జీవ తీసేశారు" అంది.

ముప్ఫై ఎనిమిదేళ్ల అనుభవం ఉన్నవాడికి నాలుగేళ్ల చదువు ఇలా బుద్ధి చెప్పింది. తంబురా పక్కన పుట్టిపెరిగిన జాతివాణ్ణి, తీగె కాస్త ఒరుసుకుంటేనే ప్రాణం వస్తుందని మనవాళ్లకు ఎప్పటినుంచో తెలుసునని నాకు తోచకపోయింది.

తరవాత ఆదివారం మా అబ్బాయి మమ్మల్ని ఆస్టిన్ తీసుకెళ్లాడు. డల్లాస్‌కు దక్షిణంగా సుమారు రెండువందల మైళ్లు. అక్కడ లేడీ బర్డ్ సరస్సు ఒడ్డున ఒక కంచు విగ్రహం ఉంది. వెడల్పాటి టోపీ, భుజాల మీదినుంచి జారే పొడుగు వస్త్రం, చేతికర్రలా పట్టుకున్న గిటారు. స్టీవీ రే వాన్ అనే వాద్యగాడిది. 1954లో డల్లాస్‌లోనే పుట్టాడు. 1983లో 'టెక్సాస్ ఫ్లడ్' అనే రికార్డుతో పేరు మారుమోగింది. 1990 ఆగస్టు 27న, కచేరీ ముగించుకుని వెళుతూ హెలికాప్టరు కూలి పోయాడు. ముప్ఫై అయిదేళ్లు. విగ్రహం 1993లో పెట్టారు. ఈ ఆకుపచ్చ పెట్టెకు ఇంత ఖ్యాతి రావడానికి ఆయన పాదాలే ముఖ్యకారణమంటారు.

"ఆయన దీన్ని ఎలా వాడేవాడో తెలుసా నాన్నా? డ్రైవు తక్కువ పెట్టి లెవెలు ఎక్కువ పెట్టేవాడు. అప్పుడు పెట్టె తాను పెద్దగా గరగరమనదు. వెనకనున్న వాల్వు ఆంప్లిఫయరును తోసి, దానిచేత పాడిస్తుంది" అన్నాడు మా అబ్బాయి.

పిల్లవాడూ, వాడి తల్లీ, మా ఆవిడా నీళ్ల ఒడ్డుకు నడిచారు. మేమిద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ఇంతకంటె మంచి సమయం రాదని అడిగేశాను.

"ఒరేయ్, ఆ రేడియో నేను బాగుచేసిన మర్నాడు, సభలో ఏమయిందిరా?"

వాడు కాస్సేపు విగ్రహం వంక చూశాడు. "ఏమీ కాలేదు నాన్నా. వినపడలేదు, అంతే. డ్రమ్ముల కింద గిటారు మునిగిపోయింది. రెండో పాటకల్లా వాళ్లు నన్ను పక్కన కూర్చోమన్నారు."

"నాతో ఒక్క మాట అనవేం?"

"ఏమనమంటారు? మీరు రాత్రి రెండింటిదాకా మేలుకుని చేశారు. అమ్మ చెప్పింది. కొత్త వాల్వు కూడా వేశారు. ఆ నెలలో మనకు కొత్త వాల్వంటే ఎంతో నాకు తెలియదా?"

అరిచి ఉంటే బాగుండేది. ఆ పదిహేడేళ్లవాడు ఆ పొద్దున్న నామీద ఒక్క కేక పెట్టి ఉంటే, తిట్టుకునేవాళ్లం, వాళ్లమ్మ ఏడ్చేది, సాయంత్రానికి రెసిస్టరు తీసి అవతల పారేసేవాణ్ణి. వాడు "బాగుంది నాన్నా" అన్నాడు. నేను దాన్నే మంచిగొంతు అనుకున్నాను. రేడియోలోనే కాదు, ఇంట్లో కూడా గరగర వినపడకపోతే అంతా సవ్యంగా ఉందనుకునే మనిషిని నేను.

"తప్పు చేశానురా" అన్నాను.

"ఊరుకోండి నాన్నా" అన్నాడు. కాని చెయ్యి తీసి నా చేతిమీద వేశాడు. పెద్దవాడయ్యాక వాడు నా చెయ్యి పట్టుకోవడం నాకు జ్ఞాపకం లేదు.

మేము ఆ అక్టోబరులో సికిందరాబాదు తిరిగివచ్చాం. కొట్టు మూసినప్పుడు పారెయ్యడానికి మనసొప్పక అటకెక్కించిన సామానులో ఆ రేడియో ఉంది. దింపించాను. బూజు దులిపి, విప్పి చూస్తే, నా చేత్తో వేసిన రెసిస్టరు వేసినచోటే ఉంది. టంకం ఇంకా మెరుస్తోంది. ఎంత చక్కగా అతికించానో అనుకుంటూ దాన్ని కరిగించి తీసేశాను.

కండెన్సరు మాత్రం పాతది మళ్లీ పెట్టలేదు, కొత్తదే వేశాను. లీకైన కండెన్సరు నిజమైన జబ్బు. ఊరుకుంటే వాల్వును కాల్చేస్తుంది. శక్తికి మించి పాడినందువల్ల వచ్చే జీర జబ్బు కాదు. రెండూ ఒకేలాగ వినిపిస్తాయి, అదే చిక్కు. ఏది ఏదో తేల్చుకోవాలంటే పనిముట్లు చేతబట్టేముందు, ఆ వాయించేవాణ్ణి ఒక్కమాట అడగాలి. ముప్ఫై ఎనిమిదేళ్ల వృత్తిలో నేను చెయ్యని పరీక్ష అదొక్కటే.

మా అబ్బాయికి ఫోను చేసి సంగతి చెప్పాను. ఈసారి వచ్చేటప్పుడు గిటారు తెచ్చుకోమన్నాను.

"పెట్టె కూడా తీసుకురానా నాన్నా?" అన్నాడు.

"పెట్టెందుకురా? అసలు సరుకు ఇక్కడుంది" అన్నాను.